గూటికి గొళ్ళెం

కోడిని తెలివితక్కువదని అందరూ అంటారు గాని, పగటిపూట దాని తెలివికేం లోటు లేదు. గద్ద నీడ నేలమీద కదిలిందంటే చాలు, ఒక్క కేక వేసి పిల్లల్ని రెక్కల కింద దాచేస్తుంది. చేట పట్టుకుని వంటింటి గుమ్మంలో కూర్చుంటే, ఎవరి చేతినుంచి నూకలు రాలతాయో, ఎవరి చేతినుంచి చీపురుకట్ట వచ్చి పడుతుందో దానికి బాగా తెలుసు. అయితే ఆ తెలివంతా సూర్యుడితో పాటే అస్తమిస్తుంది. మసక వెలుతురులో కోడికి చూపు ఆనదు. అందుకే పొద్దు వాలేసరికి ఎక్కడున్నా గూటికి చేరి, ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుని, ఇక కదలదు. ఆ వేళప్పుడు చెయ్యి పెట్టి ఎత్తినా పెద్దగా గొడవ చెయ్యదు. మీ చెయ్యే కానక్కర్లేదు, ఎవరి చెయ్యయినా ఒకటే. చెయ్యి కాక మరొకటైనా అంతే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పెరట్లో నాలుగు కోళ్ళు పెంచుకునే ఇల్లాలికి రోజూ సాయంత్రం ఒక ధర్మసందేహం ఎదురవుతుంది. గూటి తలుపు వేసి గొళ్ళెం పెడతామే, అది ఎవరి కోసం? కోడి కోసమా, పొద్దున్నే చేతికొచ్చే గుడ్డు కోసమా? నవ్వకండి. పైకి చిన్న ప్రశ్నలాగే ఉంటుంది గాని, లోపలికి వెళ్ళేకొద్దీ మన ఇంటి గుట్టు, వంటింటి గుట్టు, మనసు గుట్టు కూడా బయటపడతాయి.

కొంపల్లిలో ఇంకా కోళ్ళేమిటండీ అని అడిగేవాళ్ళున్నారు. నిజమే, నాగపూర్ రోడ్డుకు రెండు పక్కలా ఫంక్షన్ హాళ్ళూ, వాటి వెనక విల్లాలూ, ఆ వెనక అపార్ట్‌మెంట్లూ వచ్చేశాయి. ఒకప్పుడిక్కడ ద్రాక్షతోటలుండేవి. మేడ్చల్, శామీర్‌పేట వైపు పోతే కోళ్ళఫారాలుండేవి. ఇప్పుడు ద్రాక్షలు బండిమీదా, కోళ్ళు దుకాణంలో కత్తి పక్కనా కనిపిస్తాయి. అయినా పెరడు మిగిలిన పాత ఇళ్ళల్లో జామచెట్టు కిందో, మెట్ల కిందో ఒక గూడు ఇంకా ఉంది. 2020లో కరోనా వచ్చి అందరూ ఇంట్లో కూర్చున్నప్పుడు, మా వైపు కొత్త ఇళ్ళవాళ్ళు కూడా పిల్లల సరదా కోసమని నాలుగేసి కోళ్ళు తెచ్చుకున్నారు. కొందరు నాటుకోళ్ళు, కొందరు రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థవాళ్ళు తయారుచేసిన వనరాజా. ఈ వనరాజా కాళ్ళు పొడుగ్గా ఉంటాయి. వెంటపడిన జంతువునుంచి పరిగెత్తి తప్పించుకోవడానికి ఆ కాళ్ళు పనికొస్తాయంటారు. పగలైతే సరే. చూపానని రాత్రి కాళ్ళెంత పొడుగుంటేనేం?

ఇక మా చుట్టుపక్కల సంగతి వినండి. ఒక వైపు దూలపల్లి అడవి. ఇంకో వైపు జీడిమెట్ల చెరువు. దానికున్న ఇంగ్లీషు పేరు ఫాక్స్ సాగర్! నక్క పేరు పెట్టుకున్న చెరువు పక్కన కోళ్ళు పెంచే ధైర్యం మన ఊరికే చెల్లిందని మా వారు వేళాకోళం చేస్తుంటారు. ఆ అడవికీ ఈ చెరువుకీ మధ్య మనం ప్లాట్లు వేసుకుని, ప్రహరీలు కట్టుకుని, గేటు మీద ఇంటిపేరు రాయించుకున్నాం. 2020 అక్టోబరు వానలకు ఆ చెరువు పొంగి కాలనీల్లోకి నీళ్ళొచ్చినప్పుడు మనుషులు మేడలెక్కారు. నేలలో బొరియలు చేసుకుని బతికేవి ఎక్కడికెక్కుతాయి? మెరక ఎక్కడుంటే అక్కడికే వస్తాయి. అది మన పెరడైతే వాటి తప్పా?

కోళ్ళగూటికి రాత్రివేళ వచ్చే చుట్టాలు ఒకరిద్దరు కాదు. ఊరపిల్లి, అడవిపిల్లి, చెట్లమీదా ఇంటి కప్పులమీదా నడిచే మానుపిల్లి, పందికొక్కు, నాగుపాము, గుంపుగా తిరిగే వీధికుక్కలు. గుడ్డు పోయిందంటే దొంగ ఎవరో చెప్పడానికి పోలీసులక్కర్లేదు, పొద్దున్నే గూడు కడిగే ఆడమనిషి చాలు. పాము గుడ్డును గుల్లతో సహా మింగేస్తుంది, కాబట్టి ఆనవాలంటూ ఏమీ ఉండదు. పందికొక్కు దొర్లించుకుపోయి బొరియ దగ్గర గుల్లలు వదులుతుంది. పిల్లి చూపు గుడ్డుమీద కంటే పిల్లలమీద ఎక్కువ. కుక్కలు వస్తే తలుపే ఊడిపోతుంది. ఇవేవీ కాకుండా గడ్డిమీద పచ్చసొన అంటుకుని, గుల్ల ముక్కలు అక్కడే ఉంటే కోడినే అనుమానించాలి. సున్నం చాలని కోడి తన గుడ్డు తానే పొడుచుకుని తినేస్తుంది, ఒకసారి రుచి మరిగితే మానడం కష్టం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా! గొళ్ళెం తీసినట్టే తీసి, మళ్ళీ పెట్టినట్టే పెట్టి ఉండి, గుడ్లు మాత్రం లేకపోతే, అది రెండు కాళ్ళ పిల్లి. దాని సంగతి ఇక్కడ వద్దు.

ఈ జాబితాలో ముంగిస లేదేమని అడుగుతారు. ముంగిస గుడ్లు తినదని కాదు, చక్కగా తింటుంది. కాని అది పగటి జంతువు. రాత్రి తన బొరియలో నిద్రపోతుంది. అయినా మా వైపు రాత్రి కోడి పోయిందంటే పొద్దున్నే అందరూ తిట్టేది ముంగిసనే, ఎందుకంటే పొద్దున్న కంటబడేది అదే. పంచతంత్రంలో ముంగిస కథ మనమంతా చిన్నప్పుడు విన్నదే. ఉయ్యాలలో బిడ్డను కాటెయ్యబోయిన పామును చంపి, మూతికి నెత్తురుతో గుమ్మంలో ఎదురొచ్చిన ముంగిసను చూసి, బిడ్డనే చంపిందనుకుని దాని ప్రాణం తీస్తారు. అన్ని వందల ఏళ్ళుగా ఆ కథ చెప్పుకుంటున్నాం, ముంగిసమీద నింద మాత్రం పోలేదు. పోనీ నిందతో సరిపెడితే బాగుండేది. దాని వెంట్రుకలతో బొమ్మలేసే కుంచెలు చేస్తారని దాన్ని వేటాడేవాళ్ళు కూడా ఉన్నారు.

సరే, అసలు సంగతికొస్తాను. మా వీధి చివరింట్లో ఒక రాత్రి ఆరు కోళ్ళల్లో ఐదు చచ్చిపోయాయి. తలుపు పక్కన జాలీ ఊడి నాలుగువేళ్ళ సందు ఉంది, బాగు చేయిస్తాం చేయిస్తాం అనుకుంటూనే ఉన్నారట. పోయిన ఐదింటిలో వచ్చిన జంతువు తీసుకుపోయింది ఒక్కదాన్నే. నాలుగింటిని మెడ కొరికి అక్కడే పడేసింది. ఆ ఇంటావిడ ఏడ్చిన ఏడుపు కోళ్ళ ఖరీదుకు కాదు. ‘‘ఆకలేసి ఒకదాన్ని తిన్నదంటే అనుకోవచ్చు, మిగతావాటిని ఎందుకు చంపాలండీ? అది జంతువు కాదు, రాక్షసి’’ అంది. వీధిలో ఆడవాళ్ళందరం చుట్టూ నిలబడ్డాం. అందరికీ ఆ మాట సబబుగానే తోచింది. ఆకలి దోషం కాదు, క్రూరత్వం దోషం అని మనం చిన్నప్పటినుంచీ పిల్లలకు చెప్పే తేడా అదే గదా.

కాని ఈ విషయాన్ని పరిశీలించినవాళ్ళు చెప్పేది వేరు. హాన్స్ క్రూక్ అనే జంతుశాస్త్రజ్ఞుడు 1972లో దీనిమీద ఒక వ్యాసం రాశాడు. వేటాడే జంతువుకు కడుపు నిండితే వెతకడం ఆగుతుంది గాని, కళ్ళముందు పారిపోలేని వేట దొరికితే పట్టడం, కొరకడం అంత తొందరగా ఆగవు. అడవిలో ఒకటి చచ్చేలోపల మిగతావి ఎగిరిపోతాయి. కాబట్టి అక్కడ రెండోదాన్ని పట్టే ప్రశ్నే రాదు. గూట్లో ఎగిరిపోవడానికి చోటు లేదు. చీకట్లో చూపు లేదు. రెక్కల చప్పుడు, అరుపులు, గంతులు మాత్రం పక్కనే ఉన్నాయి. అవి ఆగేదాకా దాని పళ్ళు ఆగలేదు. అంటే ఒక ప్రాణానికి బదులు ఐదు ప్రాణాలు పోవడానికి కారణం వచ్చిన జంతువులో లేదు, ఆ పెట్టెలో ఉంది. ఆ పెట్టె కట్టింది మనం. సగం వేసిన తలుపు అసలు తలుపే లేనిదానికంటే అపాయం. చెట్టుమీద పడుకున్న కోడికి కనీసం కిందికి దూకే అవకాశమైనా ఉంటుంది.

ఆ మాట నేను నెమ్మదిగా చెప్పాను గాని, ఆ సమయంలో వినే ఓపిక ఎవరికుంటుంది! ఇంతలో ఎవరో సలహా ఇచ్చారు. పొలాల్లో వేసే గుళికల మందు ఉంటుంది, గుడ్డుకు చిల్లు పెట్టి లోపల వేసి గూటి దగ్గర పెట్టండి, మళ్ళీ వచ్చిందంటే ఇక ఎప్పటికీ రాదు అని. ఇలాంటి సలహాలిచ్చేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఒకరుంటారు, వాళ్ళకు సాధారణంగా కోళ్ళుండవు. చట్టం ప్రకారం అది నేరం. అడవిపిల్లి, మానుపిల్లి, ముంగిస, నాగుపాము, జెర్రిపోతు అన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడే జీవాలు, విషం పెట్టడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. కాని చట్టం సంగతి పక్కన పెట్టినా, గుడ్డులో విషం అన్న మాట వినగానే నా ఒళ్ళు జలదరించింది. గుడ్డంటే ఇంట్లో పసిపిల్లవాడికి మొదట తినిపించే మాంసాహారం, బాలింతకూ జ్వరంపడి లేచినవాళ్ళకూ పెట్టే బలం. ఆ గుడ్డు గూటి దగ్గర పడి ఉంటే, వచ్చినది పిల్లే అయి ఉంటుందని ఎవరు హామీ ఇవ్వగలరు? పక్కింటి కుక్కపిల్ల, పొద్దున్నే వచ్చే కాకి, బంతి కోసం గోడ దూకే పిల్లవాడు, అందరికీ గుడ్డు గుడ్డే.

అప్పుడు మాట్లాడింది మా వెనకింటి అవ్వ. ఆమెకు ఎనభై దాటాయి, కొంపల్లిలో తోటలున్నప్పుడు తోటల్లో పనిచేసిన మనిషి. అంతసేపూ గోడకానుకుని వింటూనే ఉంది. ‘‘గా పిల్లినెందుకు తిట్టవడ్తిరి బిడ్డా? దానికి ఆకలైంది, అచ్చింది. దానికేమన్న మీరు మాట ఇచ్చిన్రా, అది మీకేమన్న మాట ఇచ్చిందా? కోడికి ఇచ్చిన్రు మాట. పొద్దుగూకంగనే మీ ఇంట్లకొచ్చి కూసున్నది గదా’’ అంది. అంతే. లేచి కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

మాట ఇవ్వడం అన్నది నాకు తర్వాత చాలా రోజులు తలలో తిరిగింది. మనం కోడిని కొనుక్కున్నాం, కాబట్టి గుడ్డు మనది అనుకుంటాం. కొన్నంత మాత్రాన హక్కు వచ్చేస్తుందా? కోడి మనుషుల దగ్గరికి చేరిన కథ చూస్తే అది కొనుగోలు వ్యవహారంలా లేదు. 2022లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం కోడి ఇంటి పక్షి అయింది సుమారు 3500 ఏళ్ళ కిందట, థాయిలాండ్ ప్రాంతంలో. మనుషులు వరి, చిరుధాన్యాలు పండించడం మొదలుపెట్టాక, రాలిన గింజల కోసం ఎర్ర అడవికోడి చేల చుట్టూ చేరి, మెల్లగా ఇళ్ళ చుట్టూ తిరగడం నేర్చిందంటారు. గింజ కోసం తనంతట తానే వచ్చింది. ఆ అడవికోడి పడుకునేది చెట్టుకొమ్మమీద. ఏడాదికి ఏ పదో పదిహేనో గుడ్లు పెట్టేది, అవీ పిల్లల కోసమే. ఆ కొమ్మ మాన్పించింది మనం. గుడ్ల సంఖ్య పెంచింది మనం. మన నాటుకోడి ఏడాదికి 50, 60 పెడుతుంది. ఫారం కోడి 300 దాటిస్తుంది. ఫారం కోడికైతే పొదగాలన్న కోరికే లేకుండా చేశాం. ఇన్ని తీసుకున్నాక బదులుగా ఇచ్చింది ఏమిటయ్యా అంటే, రాత్రిపూట ఒక తలుపు. అవ్వ చెప్పిన మాట అదేనని నాకనిపిస్తుంది.

శిబి చక్రవర్తి కథలో డేగ అడిగిన ప్రశ్న నన్నెప్పుడూ ఇబ్బంది పెడుతూనే ఉంటుంది. పావురం శరణు కోరింది, శిబి కాపాడతానన్నాడు. డేగ ఏమంది? దాన్ని కాపాడావు సరే, నా ఆహారం లాక్కున్నావు, నేనూ నా పిల్లలూ ఆకలితో చస్తే ఆ పాపం ఎవరిది అంది. మనం ఆ కథను చెప్పుకునేటప్పుడు చక్రవర్తి త్యాగం దగ్గర కళ్ళు తుడుచుకుంటాం గాని, డేగ వాదంలో తప్పు లేదని శిబి ఒప్పుకున్నాడన్న సంగతి మరిచిపోతాం. ఒప్పుకున్నాడు కాబట్టే తొడ కోసి తూచాడు. డేగను కర్రతో తరమలేదు, విషం పెట్టలేదు. అయితే మన పరిస్థితి శిబిది కాదు, అంత గొప్పగా చెప్పుకోవడానికి వీల్లేదు. ఆయన పావురాన్ని కాపాడి వదిలేశాడు. మనం కోడిని పిల్లినుంచి కాపాడి, పొద్దున్నే గుడ్డు మనం తింటాం, పండక్కి ఒక్కోసారి కోడినే తింటాం. పిల్లి అడగగలిగితే, నువ్వు తింటే భోజనం, నేను తింటే దొంగతనమా అని అడుగుతుంది. దానికి జవాబు నా దగ్గర ఒకటే ఉంది. నేను రోజూ సాయంత్రం తలుపు వేశాను, నువ్వు వెయ్యలేదు. అదొక్కటే తేడా. తలుపు వెయ్యని రోజున ఆ తేడా కూడా లేదు.

అలాగని కాపాడటమే పరమధర్మమని కూర్చుంటే ఇంకో చిక్కుంది. అన్నిటికంటే క్షేమమైన కోడి ఎక్కడుంటుందో తెలుసా? ఫారంలో ఇనుప పంజరంలో. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, తెలంగాణ ముందువరసలో ఉన్నాయి, ఆ గుడ్లలో చాలా భాగం పంజరాల్లోంచే వస్తాయి. అక్కడికి పిల్లి రాదు, పాము రాదు. ఒక్కో కోడికి దొరికే చోటు మనం ఉత్తరం రాసుకునే తెల్లకాగితమంత కూడా ఉండదు. రెక్క విప్పదు, మట్టిలో పొర్లదు, కొమ్మలాంటిదేదీ ఎక్కదు. ఇది సరికాదని 2017లో లా కమిషన్ కూడా తన 269వ నివేదికలో రాసింది. భయం లేకుండా చెయ్యడానికి బతుకే లేకుండా చేస్తే, దాన్ని రక్షణ అనగలమా? ఆడపిల్లల్ని పెంచిన తల్లులకు ఈ ప్రశ్న నేను విప్పి చెప్పనక్కర్లేదు. ‘చీకటి పడకముందే ఇంటికి రా’ అనడానికీ, ‘అసలు గడప దాటకు’ అనడానికీ మధ్య ఎంత దూరమో మనకు తెలుసు. ఆ దూరమంతా నా దృష్టిలో గూటి తలుపులోనే ఉంది. పొద్దున తెరవాలి, సాయంత్రం మూయాలి. రెండింట్లో ఏది మానినా అది గూడు కాదు.

ఇంత వేదాంతం చెప్పాక తలుపు ఎలా ఉండాలో చెప్పకపోతే మీరు నన్ను క్షమించరు. బజార్లో కోళ్ళజాలీ అని ఆరు మూలల కన్నాలతో పల్చటి తీగది అమ్ముతారు. అది కోడిని లోపల ఉంచడానికి పనికొస్తుంది గాని, కుక్కను బయట ఉంచలేదు, పళ్ళతో లాగితే చిరుగుతుంది. అర అంగుళం కన్నాల వెల్డింగ్ జాలీ తీసుకోండి, ఖరీదు ఎక్కువే, ఒకేసారి పెట్టేది. గూడు నేలమీద కాకుండా కాళ్ళమీద రెండడుగులు ఎత్తున ఉంటే శుభ్రం చెయ్యడమూ తేలిక. నేలమీదే కట్టాల్సివస్తే జాలీని ఒక అడుగు లోతు పాతాలి, లేకపోతే పందికొక్కు కిందనుంచి సొరంగం తవ్వుకొస్తుంది. ఉత్త గొళ్ళెం చాలదు, దానికో చీల గుచ్చాలి. పిల్లి పంజాతో లాగి తియ్యగలదు. గుడ్లు సాయంత్రమే తీసెయ్యాలి, రాలిన గింజలు ఊడ్చెయ్యాలి. గింజకు ఎలుక, ఎలుకకు పాము, అలా ఒకరి వెనక ఒకరు వస్తారు. పాము కనబడితే కర్ర వెతక్కండి; 1995నుంచి హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీవాళ్ళు పాముల్ని పట్టి వదిలే పని చేస్తున్నారు. అన్నిటికంటే ముఖ్యం, తలుపు వేసేముందు లెక్కపెట్టడం. ఐదుండాల్సిన చోట నాలుగుంటే టార్చి పట్టుకుని వెతకాలి. బయట మిగిలిపోయింది ఎక్కడుందో మీకంటే ముందు పిల్లికి తెలుస్తుంది.

వీధి చివరావిడ చివరికి విషం పెట్టలేదు. అవ్వ మాటకు కాదు, వాళ్ళ మనవడు గోడలు దూకే రకం. జాలీ మార్పించింది, మళ్ళీ నాలుగు పెట్టల్ని తెచ్చుకుంది. ఐదింటిని పొట్టనబెట్టుకున్నది మాత్రం, ఏదైతేనేం, చాలా రాత్రులు వచ్చి చూసి వెళ్ళిందని పొద్దున మట్టిలో అడుగులు చెప్పేవి. తర్వాత అడుగులు కనబడటం మానేశాయి. ఎలుకలు పట్టుకుని బతుకుతోందో, దూలపల్లి వైపు పోయిందో!

ఈ పనిలో ఒకటే బాధ. ఊరెళ్ళలేం. పాలు వద్దని పాలవాడికి చెప్పొచ్చు, పేపరు వద్దని చెప్పొచ్చు, చీకటిని రావద్దని ఎవరితో చెబుతాం? వచ్చే నెల వరంగల్లులో మా ఆడపడుచు కూతురి పెళ్ళి, రెండు రాత్రులు ఉండక తప్పదు. పక్కింటి అబ్బాయి నేను వేస్తానాంటీ అన్నాడు గాని, వాడు ఆటనుంచి ఇంటికొచ్చేదే ఎనిమిదింటికి. ఆలోచించి అవ్వ దగ్గరికే వెళ్ళాను. ‘‘రెండు రోజులు పొద్దుగూకగానే మా గూటి తలుపు వేసి పెట్టాలవ్వా’’ అన్నాను. అవ్వ వక్క నములుతూ నన్ను ఎగాదిగా చూసి, ‘‘మరి గుడ్లో?’’ అంది. ఆ రెండు రోజుల గుడ్లూ నీవే అన్నాను. ‘‘రెండో రాత్రి తలుపేసేది నేనే గదా బిడ్డా’’ అంది అవ్వ. ‘‘మూడో పొద్దు గుడ్లు గూడ నావే.’’